మెషినేగా కోసేది!

"మెషినేగా కోసేది, దానికి ఇంత రేటా?" మా కార్వింగ్ షెడ్డు మెట్లెక్కిన వాళ్లలో ఈ మాట అనకుండా వెళ్లినవాళ్లు తక్కువ. పూజగది తలుపుకి లక్ష్మీదేవి బొమ్మ కావాలని వస్తారు. ఫోన్‌లో ఫోటో చూపిస్తారు. బటన్ నొక్కితే అరగంటలో అయిపోతుంది కదా అంటారు. వాళ్లకి నేను చెప్పే లెక్క ఒకటుంది, ఇక్కడా అదే చెబుతాను.

రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉన్న పలక అనుకోండి. మిల్లీమీటర్లలో దాదాపు 600, 900. అమ్మవారి ముఖం, నగలు, చీర కుచ్చిళ్లు తేటగా తేలాలంటే చివరి విడతలో వాడే బిట్ (తిరుగుతూ కర్రని కోసే ములుకు) కొన చాలా సన్నగా ఉండాలి. అది ఒక గీత గీసి, 0.3 మిల్లీమీటర్లు పక్కకి జరిగి, మరో గీత గియ్యాలి. ఆ లెక్కన 600 మిల్లీమీటర్ల వెడల్పుకి 2,000 గీతలు. ఒక్కో గీత 900 మిల్లీమీటర్లు. అంటే బిట్ కొన ఆ పలక మీద 1,800 మీటర్లు నడవాలి. నిమిషానికి నాలుగు మీటర్ల వేగం పెట్టినా ఏడున్నర గంటలు. ఇది ఫినిషింగ్ ఒక్కటే. దానికి ముందు లావుపాటి బిట్‌తో అక్కర్లేని కర్రంతా లేపేసే రఫింగ్ వేరే ఉంటుంది. గీతకీ గీతకీ మధ్య దూరం 0.6 చేస్తే టైము సగమవుతుంది, నిజమే. కాకపోతే అమ్మవారి బుగ్గల మీద దువ్వెనతో గీసినట్టు చారలు పడతాయి. ఆ చారల్ని ఎమరీ కాగితంతో రుద్ది తీసేసరికి ముక్కు కొన, పెదవుల అంచు కూడా అరిగిపోతాయి. సగం రేటుకే చేసిస్తామన్న షాపు ఆ సగం ఎక్కడ మిగుల్చుకుంటోందో ఇప్పుడు తెలిసింది కదా.

నేను ఈ పనిలోకి కర్ర వైపు నుంచి రాలేదు, అక్షరాల వైపు నుంచి వచ్చాను. విజయవాడలో బోర్డులు రాసే ఆర్టిస్టుల దగ్గర కుంచె పట్టి, తర్వాత డీటీపీ నేర్చుకుని, స్టిక్కర్ కటింగ్, ఆపైన ఫ్లెక్సులు. ఫ్లెక్సు వచ్చి కుంచెని మింగేసింది. వీధికో ఫ్లెక్సు మెషిన్ వచ్చేసరికి అందులోనూ ఏమీ మిగల్లేదు. బట్టల షాపులు, నగల షాపులు వెనక లైటు వెలిగే అక్షరాలు అడగడం మొదలుపెట్టాయి. యాక్రిలిక్ కోయాలి, ఏసీపీ షీటు మడవాలి. అప్పుడు కొన్నాం సీఎన్‌సీ రౌటర్. షీటు కొలతే దాని బెడ్ కొలత కూడా: నాలుగడుగులు, ఎనిమిది అడుగులు. అటూ ఇటూ పట్టాల మీద నడిచే గాంట్రీ, దాని మీద అడ్డంగా జరుగుతూ బిట్‌ని తిప్పే స్పిండిల్, ఆ స్పిండిల్ పైకెక్కి కిందికి దిగే మరో దారి. మూడు దిక్కులు. దానికి తెలిసిన లోకం అంతే.

ఆ లోకాన్ని నడిపించే భాష మాత్రం చాలా పాతది. హెలికాప్టర్ రెక్కలకి కావలసిన వంపుల్ని లెక్కలతో మెషిన్ చేత తీయించవచ్చని జాన్ పార్సన్స్ అనే అమెరికన్ అనుకున్నాడు. ఆ ఆలోచన మీద అమెరికా వైమానిక దళం డబ్బు పెట్టింది. అంకెల ఆజ్ఞలతో నడిచే మిల్లింగ్ మెషిన్‌ని 1952లో ఎంఐటీ నడిపి చూపించింది. రంధ్రాలు పొడిచిన కాగితపు టేపు మీద ఆజ్ఞలు ఉండేవి. ఇప్పుడు అదే పని పెన్‌డ్రైవ్ చేస్తోంది. ఫైలు తెరిచి చూస్తే జీ0 అంటే గాలిలో వేగంగా వెళ్లు, జీ1 అంటే కోస్తూ వెళ్లు, ఎం3 అంటే స్పిండిల్ తిప్పు, ఎం5 అంటే ఆపు. లక్ష్మీదేవైనా సరే, పార్టీ గుర్తైనా సరే, ఆ ఫైల్లో ఉండేది ఎక్కడికి వెళ్లాలో చెప్పే అంకెలే. కర్ర మెత్తగా ఉందా, గట్టిగా ఉందా, లోపల మేకుందా అన్నది ఆ అంకెల్లో ఉండదు. ఆ సంగతి చూసుకోవడానికే పక్కన మనిషి.

అక్షరాల సంగతి చెప్పాలి, ఎందుకంటే అక్కడ మన తెలుగుకి రౌటర్‌తో ఒక చుట్టరికం ఉంది. బిట్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి లోపలి మూల ఎప్పుడూ పదునుగా రాదు. ఆరు మిల్లీమీటర్ల బిట్ వాడితే ప్రతి లోపలి మూలలోనూ మూడు మిల్లీమీటర్ల వంపు మిగులుతుంది. ఇంగ్లిష్ ఈ, హెచ్, టీలకి అన్నీ మూలలే. వాటిని ఆకురాయితో సరిచేయాలి. మన అక్షరాలు చాలావరకు వంపులే కనక బిట్ హాయిగా తిరిగేస్తుంది. అయితే అవి ముక్కలుగా ఊడొస్తాయి. ప, స, ష, హ... వీటికి తలకట్టు ఒంటికి అంటుకోదు. సున్న విడి. వత్తులు చాలాచోట్ల విడి. థ కడుపులో చుక్క విడి. 'సుబ్బారావు అండ్ సన్స్' అని కోస్తే బల్ల మీద అక్షరాలకంటే ముక్కలు ఎక్కువ ఉంటాయి. గోడకి బిగించేవాడికి అక్షరాల పొందిక తెలియకపోతే తలకట్లు తారుమారవుతాయి. అందుకే ప్రతి ఆర్డర్‌తో పాటు అసలు కొలతలో కాగితం మీద నమూనా ప్రింటు తీసి పంపుతాం. దాన్ని గోడకి అంటించి, దాని మీద రంధ్రాలు గుర్తు పెట్టుకుంటారు.

ఇంకో తలనొప్పి టైపింగ్. కార్వింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా తెలుగు కొడితే చాలాసార్లు వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. అందుకని అను ఫాంట్లలోనో యూనికోడ్‌లోనో కొట్టి, కోరల్‌డ్రాలో అక్షరాల్ని గీతలుగా మార్చి, అక్కణ్ణుంచి ఇటు తెచ్చుకోవాలి. తెచ్చాక గీతల మీద గీతలు ఎక్కాయేమో చూడాలి. చూడకపోతే బిట్ అదే దారిలో రెండుసార్లు నడుస్తుంది. తర్వాత వరస చెప్పాలి: ముందు లోపలి రంధ్రాలు, ఆఖర్న బయటి అంచు. అంచు ముందే కోస్తే అక్షరం కదిలిపోయి లోపలి సున్న వంకరటింకరగా తయారవుతుంది.

యాక్రిలిక్‌కి ఒకే పన్నున్న బిట్ పెడతాం. ఈ పదార్థం నూరు డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. పొట్టు బయటికి పోకుండా గాడిలోనే తిరిగితే కరిగి, కోసిన చోటే మళ్లీ అతుక్కుంటుంది. పోతపోసిన యాక్రిలిక్ బాగా తెగుతుంది, అచ్చులోంచి తోసి తీసిన చవక రకం తొందరగా జిగురవుతుంది. షాపువాడు రెండిటినీ ఒకే పేరుతో అమ్ముతాడు. ఏసీపీ మాత్రం ముద్దొచ్చే పదార్థం. రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్. వీ ఆకారపు బిట్‌తో వెనకవైపు గాడి తీసి, ముందు రేకునీ దాని మీద పలుచటి ప్లాస్టిక్ పొరనీ మాత్రం వదిలేస్తే చేత్తోనే పెట్టెలా మడవచ్చు. గాడి అర మిల్లీమీటర్ లోతు ఎక్కువైతే మడత దగ్గర రేకు చిట్లుతుంది, తక్కువైతే మడత పడదు.

ఇక కర్ర. దాన్ని నాకు నేర్పింది మెషిన్ కంపెనీ పంపిన కుర్రాడు కాదు, మా దగ్గరికి ఫినిషింగ్‌కి వచ్చే ఆచారి గారు. ఆయన చేతిలో ఉలి పట్టుకుని పుట్టారేమో అనిపిస్తుంది. ఒకసారి ఒక పెద్దాయన కొత్త టేకు పలకలు ఆటోలో వేసుకొచ్చారు, మెయిన్ డోర్‌కి. చూడ్డానికి బంగారం. ఆచారి గారు పలక అంచు మీద చిత్రిక రెండుసార్లు పట్టి, వచ్చిన చుట్టని వేళ్ల మధ్య నలిపి చూశారు. "ఇది ఇంకా ఆరలేదండీ. ఇప్పుడు కోస్తే నెలకి తలుపు ఒళ్లు విరుచుకుంటుంది" అన్నారు. ఆయన మాట నమ్మని పెద్దాయన ఎదురుగా తేమ మీటరు గుచ్చి చూపించాను. ఇరవై శాతం దగ్గర పలికింది. తలుపు చెక్కకి పది, పన్నెండు ఉండాలి. పైన ఆరి లోపల పచ్చిగా ఉన్న పలకకి ఒకవైపు బొమ్మ చెక్కితే ఆ పచ్చి భాగం గాలికి తెరుచుకుంటుంది. అటువైపు కర్ర ముడుచుకుంటుంది, పలక వంకర తిరుగుతుంది. ఆ తప్పు కోసినవాడి ఖాతాలో పడుతుంది. "మెషిన్ వేడికి వంగిపోయిందండీ" అని ఊరంతా చెబుతారు కూడా.

టేకులో ఇంకో విశేషం, దాని లోపల ఇసుకలో ఉండే సిలికా కలిసి ఉంటుంది. చేయి పెడితే నూనె రాసినట్టు మెత్తగా ఉంటుంది కానీ బిట్ పదునుని తినేస్తుంది. అదే బిట్ వేప మీద ఎన్నో పలకలు లాగుతుంది. టేకు మీద త్వరగా మొద్దుబారుతుంది. మొద్దుబారిన బిట్ కర్రని కోయదు, చీలుస్తుంది. నార వెంట పోతున్నప్పుడు తెలియదు. నారకి అడ్డం తిరిగిన చోట, ముఖ్యంగా నెమలి ఈకల్లాంటి పనిలో, అంచులు రేగి బొచ్చులా లేస్తాయి. చేవ ఉన్న చోట పని తేటగా వస్తుంది. పక్కనున్న తెల్లకర్రలో అదే బొమ్మ మసకగా వస్తుంది. ఒకే పలకలో రెండూ ఉంటే పాలిష్ కూడా రెండు రంగులు పీలుస్తుంది. కనుక అమ్మవారి ముఖం పలకలో ఎక్కడ పడుతుందో కోయకముందే సుద్దముక్కతో గీసి చూసుకుంటాం. ముడి మీద పడేట్టుంటే పలక తలకిందులు చేస్తాం.

పడగొట్టిన పాత ఇళ్ల దూలాలు, ద్వారబంధాలు తెచ్చేవాళ్లంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. ఏళ్ల తరబడి ఆరిన ఆ కర్రలాంటిది ఈనాడు డబ్బు పోసినా దొరకదు. తిరగదు, ఒంగదు. కానీ వాటిలో మేకులుంటాయి. తోరణాలకి కొట్టినవి, ఉయ్యాల కొక్కేల దగ్గర విరిగినవి, తల తెగి లోపలే ఉండిపోయినవి. స్పిండిల్ నిమిషానికి 18,000 సార్లు తిరుగుతోందంటే సెకనుకి 300 చుట్లు. రెండు పళ్ల బిట్ అయితే సెకనుకి 600 దెబ్బలు. ఆ వేగంలో మేకు తగిలితే బిట్ ముక్కలై ఎటు ఎగురుతుందో చెప్పలేం. పాత కర్ర వస్తే ముందు లోహాన్ని పట్టే డిటెక్టర్‌తో అంగుళం అంగుళం తడుముతాం. ఆ తర్వాతే బెడ్ ఎక్కుతుంది.

వేగం గురించి కొత్తగా చేరిన కుర్రాళ్లంతా ఒకేలా ఆలోచిస్తారు: భయమేస్తే ఫీడ్ (బిట్ ముందుకి నడిచే వేగం) తగ్గించెయ్. సరిగ్గా అక్కడే కర్ర మాడుతుంది. 18,000 చుట్లు, రెండు పళ్లు, ఒక్కో పన్ను 0.2 మిల్లీమీటర్ల పొట్టు తీయాలంటే నిమిషానికి 7,200 మిల్లీమీటర్లు ముందుకి నడవాలి. ఫీడ్‌ని 1,800కి దించేస్తే ఒక్కో పన్నుకి 0.05 దొరుకుతుంది. అంత పలుచన పొట్టుని పన్ను కోయలేదు, రుద్దుతుంది. రుద్దితే వేడి. కోసిన పొట్టు తనతో పాటు వేడిని మోసుకుపోవాలి. పొట్టు పిండిలా వస్తోందంటే వేడి బిట్‌లోనే ఉండిపోతోందని అర్థం. అందుకే మా కుర్రాళ్లకి మొదట నేర్పేది కంప్యూటర్ కాదు, బెడ్ పక్కన పడ్డ పొట్టుని చేతిలోకి తీసుకుని చూడటం. అదీ స్పిండిల్ ఆగాక.

రెండోది చెవి. సవ్యంగా కోస్తున్న మెషిన్ ఒకే శ్రుతిలో పాడుతుంది. ఉన్నట్టుండి గొంతు బొంగురు పోయిందంటే బిట్‌ని పట్టుకునే కోలెట్‌లో అది జారుతోంది. కీచుమంటే మొద్దుబారింది. దడదడమంటే పలక క్లాంపుల కింద వదులైంది. ప్లైవుడ్ షీటు అంచుల్లో మాత్రమే బిగిస్తే నడుమ పొంగుతుంది. ఆ పొంగు మీద బిట్ లోతుగా దిగుతుంది, అక్కడ అలజడి మొదలవుతుంది. గాలి పీల్చి షీటుని పట్టి ఉంచే వాక్యూమ్ బెడ్ ఉంటే ఈ గొడవ లేదు, కానీ చిన్న ముక్కల్ని వాక్యూమ్ పట్టుకోలేదు. చిన్న అక్షరాలకి చుట్టూ అక్కడక్కడా కోయకుండా చిన్న వంతెనలు వదిలి, చివర ఉలితో తెంపుకోవడమే నమ్మకమైన దారి. ఈ వృత్తిలో పని చెడిందంటే చాలావరకు కోత తప్పు కాదు, పట్టు తప్పు.

కరెంటు పోవడం మా పనిలో ఒక అధ్యాయం. చేతిలో పట్టుకునే కంట్రోలర్‌ని డీఎస్పీ అంటాం (పోలీసు డీఎస్పీ కాదు, కానీ దీనికి కోపం వచ్చినా పని ఆగుతుంది). కరెంటు పోయిన క్షణంలో ఏ వరసలో ఉందో అది గుర్తుపెట్టుకుంటుంది. తిరిగొచ్చాక మెషిన్‌ని మూలకి పంపి, సున్నా స్థానం సరిచూసి, ఆపిన చోటికి కాస్త వెనకనుంచి మొదలుపెట్టాలి. ఆరు గంటలు నడిచిన ఫైలులో చిన్న తేడా వచ్చినా బొమ్మకి అడ్డంగా మెట్టు పడుతుంది. వేసవి మధ్యాహ్నాల్లో పొడుగు ఫైళ్లు పెట్టకపోవడానికి కారణం అది.

పొడి గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను. కర్ర నారతో చేసే ఎండీఎఫ్ షీటు కోసినప్పుడు లేచేది పొట్టు కాదు, పిండి. అందులో ఫార్మాల్డిహైడ్ కలిసిన జిగురుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క పొడినీ, ఫార్మాల్డిహైడ్‌నీ కూడా మనుషుల్లో క్యాన్సర్ తెప్పించే వాటి వరసలో పెట్టింది. అయినా ఎన్నో షెడ్లలో కుర్రాళ్లు ముఖానికి చేతిరుమాలు కట్టుకుని రోజంతా నిలబడతారు. డస్ట్ కలెక్టర్ కొనడానికి డబ్బుల్లేవంటారు యజమానులు. బిట్లకీ, పోయిన పనికీ, ఆస్పత్రికీ పోయేది లెక్కేస్తే అది అంత ఖరీదైంది కాదు. చేతికి గ్లౌజులు వేసుకుని తిరిగే స్పిండిల్ దగ్గరికి పోవడం ఇంకో పిచ్చిపని. గుడ్డ చుట్టుకుందంటే చెయ్యి కూడా వెంట పోతుంది.

ఈ మెషిన్ శిల్పుల పొట్ట కొట్టిందా? కొట్టింది. కాదనడం అబద్ధం. మధ్యరకం ఇళ్ల తలుపుల మీద లతలు, పువ్వులు, గంటల వరసలు చెక్కుకుని బతికిన చాలామంది పని ఇప్పుడు మా బెడ్ మీదికి వచ్చేసింది. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో దేవుళ్ల బొమ్మలు చెక్కేవాళ్ల పని వేరు. అక్కడ బొమ్మ నాలుగు వైపులా తిరిగి ఉంటుంది. మా మూడు దిక్కుల మెషిన్ పైనుంచి మాత్రమే దిగగలదు. చెయ్యి వెనక దండ, చెవి వెనక జుట్టు, కిరీటం కింద నీడ దానికి అందవు. అది తీసేది గోడకి అతికించిన బొమ్మే. మధ్యలో మిగిలిన దారి మా ఆచారి గారు పట్టుకున్నది. మెషిన్ తొంభై పాళ్లు తీశాక ఆయన కూర్చుంటారు. మూలల్ని ఉలితో పదును చేస్తారు, ఆకుల అంచుల కింద లోతు తీస్తారు. కళ్ల దగ్గర మాత్రం నన్ను ముందే హెచ్చరించారు: "కళ్లు నాకొదిలెయ్యండి." బిట్ కొన ఎంత సన్నదైనా దాని వెడల్పు కనురెప్ప గీతలో ఇమడదు, అది సాంకేతికమైన కారణం. గుళ్లో విగ్రహానికి కళ్లు తెరిపించే నేత్రోన్మీలనం చేసే వంశంలో పుట్టిన మనిషికి ఇంకా వేరే కారణాలుంటాయి. నేను అడగలేదు. ఆయన కళ్లు తీసిన పలకనీ, మెషిన్ నుంచి నేరుగా దింపిన పలకనీ పక్కపక్కన పెడితే కొనేవాళ్లు ఎటు చెయ్యి చాపుతారో మాత్రం తెలుసు.

నాకు అసలైన బాధ ఇంకోటి. బొమ్మల ఫైళ్లు పెన్‌డ్రైవుల్లో, వాట్సాప్‌లో చేతులు మారుతూ తిరుగుతున్నాయి. అదే గజలక్ష్మి, అదే జంట నెమళ్లు, అదే కలశం శ్రీకాకుళంలోనూ ఉంది, నిజామాబాద్‌లోనూ ఉంది. చాలా షాపులు బొమ్మలు చేసుకునే ఆర్ట్‌క్యామ్‌ని ఆటోడెస్క్ 2018లో ఆపేసింది. అయినా పాత కాపీలతోనే బండి నడుస్తోంది. కొత్త బొమ్మ గీసుకోవడం నేర్చుకునేవాళ్లు తక్కువ. చేతిపని రోజుల్లో తలుపు చూసి ఎవరు చెక్కారో చెప్పేవారట. ఇప్పుడు ఏ ఫైలో చెప్పగలం. ఇందుకు మెషిన్‌ని తిట్టి లాభం లేదు, బద్ధకం మాది.

ఆషాఢంలో మాకు పని పలచబడుతుంది, శ్రావణం వస్తే ఊపిరాడదు. చాలా గృహప్రవేశాలు ఆ నెలలోనే. పదిరోజుల్లో తలుపు కావాలంటూ పచ్చి కర్రతో పరిగెత్తుకొస్తారు. కాబట్టి ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకి ఒక్క మాట. స్లాబు పడ్డప్పుడే తలుపు చెక్క కొని, నీడలో, గాలి ఆడేచోట, మధ్యలో పుల్లలు పెట్టి పేర్చండి. ఆర్డర్ ఇచ్చేముందు తేమ మీటరు పెట్టి చూపించమని అడగండి. గీతల మధ్య దూరం ఎంత పెడతారో, చేతి ఫినిషింగ్ రేటులో కలిసిందో లేదో అడగండి. ఈ ప్రశ్నలకి విసుక్కునే షాపులో తలుపు చేయించుకోవద్దు.